సెలవు మరుసటి రోజు

6 జనవరి 1982, బుధవారం

వదినెకు దమ్ము తగ్గింది. పొద్దున తనే చాయ్ పెట్టి తెచ్చి ఇచ్చింది. సోమవారం తుక్కు గోదాం మెట్ల మీద కూలబడి, ఛాతీ పట్టుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. నిన్నటికి సగం తగ్గింది. ఇవాళ అసలేమీ లేనట్టే తిరుగుతోంది.

క్రిస్మస్‌కి అందరం డోర్నకల్‌లో మా అత్తగారింటికి పోయాం. పది రోజులూ ఆమె బాగానే ఉంది. స్టేషన్ దాకా నడిచి, ఇంజన్లు చూసి, నవ్వుకుంటూ వచ్చింది. తిరిగొచ్చి మిల్లులో అడుగు పెట్టిన రోజే పట్టుకుంది.

"దవాఖానకు పోదాం పా వదినె," అన్నాను.

"ఊకో ప్రకాశం. ఆ డోర్నకల్ చలిగాలి పడలే నాకు. పనిల పడితే గదే పోతది. ఇంట్ల కూసుంటెనే రోగాలన్ని."

బట్టల మిల్లులో లేబర్ వెల్ఫేర్ ఆఫీసర్ని. పద్దెనిమిది వందల మంది నా మాట వింటారు. ఇంట్లో ఒక్కరు వింటే ఒట్టు. రాహేలు నా భార్య అయ్యుండీ వదినె పక్షమే.

మా అన్న యోసేపు పోయి పద్నాలుగేళ్లు. ఫిట్టరుగా ఆయన పనిచేసిన మిల్లులోనే దీనమ్మ వదినెకు తుక్కు ఏరే పని ఇచ్చారు. ఆ పని మీదే నేను బి.ఏ. చదివాను, ఆ పైచదువూ చదివాను, తిరిగొచ్చి ఆ మిల్లులోనే కుర్చీ ఎక్కాను. మిల్లు గేటు లోపల నన్ను సారు అంటుంది. ఇల్లు చేరగానే చెవి మెలిపెడుతుంది.

11 జనవరి, సోమవారం

కొత్త మేనేజర్ భాస్కర్ గారు పిలిచారు. గుంటూరు వైపు మనిషి. మాట నెమ్మది, పట్టు గట్టి.

తుక్కు గోదాం మూసేయమని హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చిందట. మిల్లు నేల మీద ఊడ్చిన దూది, తెగిన పోగులు, మిషన్ల కింద రాలిన పీచు, అన్నీ ఆ గోదాంకే చేరతాయి. ఇన్నాళ్లూ పైపైన ఏరి, బేరగాళ్లకు అమ్మేయడం, పనికిరానిది తగలబెట్టడం. ఏరే ఆడవాళ్లు ఇరవై ఆరు మంది. వాళ్లు దండగ అంటోంది హెడ్డాఫీసు.

భాస్కర్ గారి ఆలోచన వేరు. తుక్కును అమ్మొద్దు, కాల్చొద్దు. మంచిగా ఏరి, దులిపి, మళ్లీ మోటు నూలు వడికి, కొత్తవాడ సాలెవాళ్లకు జంపఖానాలు నెయ్యడానికి ఇవ్వాలి. మిల్లులో పుట్టిన పీచు ఒక్కటి కూడా వృథాగా గేటు దాటకూడదు. ఆరు నెలలు గడువు అడిగి తెచ్చుకున్నారు. జూలై ఆఖరుకి చేసి చూపించాలి. లేకపోతే తాళమే.

"దులిపే మిషన్ నేను తెప్పిస్తాను. మిషన్ ఒక్కటీ చాలదు ప్రకాశం గారూ. ఏ తుక్కు మళ్లీ నూలవుతుందో తేల్చేది మనుషుల చేతులు. ఎవర్ని పెడతారు, ఎలా నేర్పిస్తారు, ఎలా నిలబెడతారు, అదంతా మీ పని. మనుషులు కుదిరితేనే స్కీం."

ఇది నెగ్గితే పర్సనెల్ మేనేజర్ పోస్టుకు నా పేరు రాస్తానని కూడా అన్నారు. ఆ మాట నేను పట్టించుకోలేదు. ఇరవై ఆరు కుటుంబాలు నా కళ్ల ముందు ఉన్నాయి.

19 జనవరి, మంగళవారం

గోదాంలో పరీక్ష పెట్టాను. భాస్కర్ గారు, స్పిన్నింగ్ మాస్టర్లు, అందరూ నిలబడ్డారు. ఆరు కుప్పలు పోయించి వదినె కళ్లకు గుడ్డ కట్టించాను.

వదినె ఒక్కో కుప్పలో చెయ్యి పెట్టి, రెండు వేళ్ల మధ్య పీచు లాగి, వదిలేసింది. "గీ దూదికి పానం ఉన్నది. గిది గూడ ఉన్నది గని సగమే, మంచిదాంట్ల కలిపితె వడుకుతది. గిది చచ్చింది, పరుపులకు ఇయ్యుండ్రి." ఆరుకి ఆరూ సరిపోయాయి. లేబొరేటరీ కుర్రవాళ్లు మిషన్‌తో కొలిచి తల ఊపారు. భాస్కర్ గారు చేతులు జోడించారు.

"ఏం కథ సారూ, నన్ను సర్కస్‌ల ఏనుగును జేసిన్రు," అంది వదినె నాతో. అందరూ నవ్వారు.

ఆమెతోనే మిగిలిన వాళ్లకు నేర్పించాలి. పుస్తకంలో ఉన్న విద్య కాదు, పక్కన కూర్చుని చెయ్యి పట్టి నేర్పాలి. ఆర్నెల్లు పడుతుందంటుంది. కొత్తగా చేరిన విమల అనే పంతొమ్మిదేళ్ల పిల్ల తొందరగా అందుకుంటోంది. తండ్రి మంచాన ఉన్నాడు, ఇంటికి ఆ పిల్లే ఆధారం.

12 ఫిబ్రవరి, శుక్రవారం

తల పగిలిపోతోంది. మేడారం జాతరకని పద్నాలుగు మంది పోయారు. ఎడ్లబండ్లలో ఏటూరునాగారం అడవిదారి పట్టి, మొక్కులు తీర్చుకుని వారం తర్వాత వచ్చారు. వచ్చిన రోజే మధ్యాహ్నానికి పదకొండు మంది ఛాతీలు పట్టుకుని గోడకు ఆనుకున్నారు. ఎవరికీ ఊపిరి ఆడదు. జాతరకు పోనివాళ్లు మాత్రం రాళ్లలా ఉన్నారు. వదినె కూడా. క్రైస్తవులం కదా, మేం జాతరకు పోలేదు.

మొగిలమ్మ గోదాంలో అందరికంటే పాత మనిషి. ఆమె సిద్ధాంతం విన్నాను.

"గిది కొత్త ముచ్చట గాదు సారూ. సెలవు తీస్కున్నోల్లకే పట్టుకుంటది. పండుగకు పోయొస్తె పట్టుకుంటది, పెండ్లికి పోయొస్తె పట్టుకుంటది. ఒకపూట తీస్కుంటె జరంత, వారం తీస్కుంటె పానం తీస్తది. పనికి ఒళ్లు అలవాటు వడ్డది. ఇడిస్తె ఊకోదు. అందుకే నేను ఆదివారం గూడ ఇంట్ల కూసోను, ఎవలింట్లనన్న పత్తి ఏర్తానికి పోత."

వదినె కూడా తల ఊపింది. "డోర్నకల్ పోయొచ్చినంక నాకట్లనే కాలేదా."

ఆలోచిస్తే నిజమే అనిపిస్తోంది. పద్నాలుగేళ్ల అనుభవం వాళ్లది. నేను కళ్లారా చూశాను, పోయినవాళ్లకి వచ్చింది, ఉన్నవాళ్లకి రాలేదు. ఇంతకంటే రుజువేం కావాలి.

17 ఫిబ్రవరి, బుధవారం

పరిష్కారం దొరికింది. తుక్కు గోదాంకి ఆదివారం కూడా ఒక పూట పని. వారానికో రోజు సెలవు ఇవ్వాలని చట్టం ఉంది, ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది. అందుకని ఎవరి ఇష్టప్రకారం వాళ్లు వస్తున్నట్టు రాయించి వేలిముద్రలు తీసుకున్నాను. అందరూ సంతోషంగానే వేశారు. మూడు నెలలు ఒక్క రోజూ మానని వాళ్లకు స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి. ఇది నా సొంత ఆలోచన.

వాళ్ల ఆరోగ్యం కోసమే. పనీ పెరుగుతుంది, అది వేరే సంగతి.

22 ఫిబ్రవరి, సోమవారం

ఒక్కరికీ రాలేదు! ఇరవై ఆరు మందిలో ఒక్కరికీ! భాస్కర్ గారు భుజం తట్టారు. "మనుషుల్ని చదవడం మీ దగ్గర నేర్చుకోవాలి," అన్నారు.

1 మార్చి, సోమవారం

దులిపే మిషన్ వచ్చింది. నడుస్తుంటే గోదాం అంతా తెల్లగా మబ్బు పట్టినట్టుంటుంది. ఎదుటి మనిషి కనురెప్పల మీద కూడా పీచు. విమల నన్ను చూసి, "సారూ, మీరు ముసలోళ్లయిన్రు," అని నవ్వింది. అద్దంలో చూసుకుంటే జుట్టంతా తెలుపు.

29 మార్చి, సోమవారం

మొదటి నూలు కొత్తవాడకి పోయింది. లక్ష్మీనారాయణ అని పాత పనివాడు, మగ్గం మీద వేసి చూసి, "తుక్కు నూలంటె నమ్మబుద్ధయితలేదు ప్రకాశంసాబ్, ఎవలు ఏరిన్రు?" అన్నాడు. మా వదినె అని చెప్పాను. మిల్లు బయట కాబట్టి గర్వంగా చెప్పుకున్నాను. చిరిగిన పాత జంపఖానాలు కూడా వెనక్కి తెచ్చిస్తానంటున్నాడు, చింపి మళ్లీ వడకొచ్చట. భాస్కర్ గారికి చెబితే ఎగిరి గంతేశారు.

11 ఏప్రిల్, ఈస్టర్

వదినె పొద్దున గుడికి రాలేదు. పనికి పోయింది. ఒంటిగంటకు వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని ప్రార్థన చేసుకుంది. చేసుకుంటూ మధ్యలో ఆగి, దగ్గి, మళ్లీ మొదలుపెట్టింది.

రాహేలుకు నా మీద కోపం. "పునరుత్థానం నాడు గూడ ఆమె గోదాంలనే ఉండాల్నా? ఆఫీసర్వి నువ్వు గదా, ఒక్క పేరు కొట్టెయ్యలేవా?" అంటుంది. నేను కొట్టేస్తే సొంత మనిషికి సెలవు ఇచ్చుకున్నాడంటారు. పైగా ఇవాళ మానితే రేపు సోమవారం ఆయాసం వచ్చేది ఆమెకే కదా. ఈవిడకేం తెలుసు.

17 ఏప్రిల్, శనివారం

దగ్గు తగ్గడం లేదు. ఇప్పుడు వారంలో అన్ని రోజులూ ఉంది. ఎండలు అనుకుంటున్నాను.

20 ఏప్రిల్, మంగళవారం

వదినె వద్దంటున్నా రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ఒక గొట్టంలో ఊదమంది. వదినె ఊదలేక నవ్వింది. "పొయ్యి ఊదే గొట్టమైతే ఊదుదును," అంది. ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టి డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది.

ఏం పని చేస్తుంది, ఎన్నేళ్లుగా, ఎప్పుడు వచ్చేది ఆయాసం, అన్నీ అడిగింది. నేను మా గోదాం సంగతి, సెలవు సంగతి, ఆదివారం పని పెట్టి ఎలా నయం చేశానో అంతా చెప్పాను. ఆమె అన్నది అన్నట్టు రాసుకోవాలి.

"అది పీచు దుమ్ము చేసే జబ్బండీ. రోజూ దుమ్ము పోతుంటే ఊపిరితిత్తి మొద్దుబారి ఊరుకుంటుంది. రెండు రోజులు మంచిగాలి దొరికితే తెలివి తెచ్చుకుంటుంది. మళ్లీ దుమ్ము తగలగానే అరుస్తుంది. సెలవు మరుసటి రోజు వచ్చే ఆయాసం అదే. ఆ కేక విని మనిషిని దుమ్ములోంచి తీసేస్తే బాగుపడతారు. మీరేమో సెలవే లేకుండా చేసి ఆ కేక వినపడకుండా చేశారు. ఇప్పుడు ఈమెకు సెలవు ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంకో నాలుగు నెలలు అక్కడే ఉంచారంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

కాగితం రాసిచ్చింది. ఈమెను వెంటనే దుమ్ములేని పనికి మార్చాలని. మార్చాల్సింది లేబర్ వెల్ఫేర్ ఆఫీసర్. అంటే నేనే.

"ఏమన్నది డాక్టరమ్మ?" అంది వదినె రిక్షాలో.

"బలానికి మందులు వాడమన్నది," అన్నాను.

21 ఏప్రిల్, బుధవారం

ఆలోచించాలి. ఆవేశపడి లాభం లేదు.

వదినెను ఇప్పుడు తీసేస్తే నేర్పేవాళ్లు లేరు. ఇంకా సగం మందికి చెయ్యి కుదరలేదు. నూలు చెడుతుంది, కొత్తవాడ తిప్పి పంపుతుంది, జూలైలో తాళం పడుతుంది. ఇరవై ఆరు మంది వీధిన పడతారు. ఒక్కరి కోసం ఇరవై ఐదు మందిని ముంచొచ్చా? వదినెను అడిగినా అదే అంటుంది. అడగలేదు గానీ, అదే అంటుంది.

విమల చెయ్యి బాగా తిరిగింది. నెలా రెండు నెలల్లో ఆమె నేర్పగలదు. అప్పుడు వదినెను నూలు చుట్టే డిపార్ట్‌మెంటుకు మార్చేస్తాను. డాక్టరమ్మ నాలుగు నెలలు అంది. రెండే కదా.

కాగితం సొరుగులో ఉంది. పోలేదు, ఉంది.

పోస్టు సంగతి నా మనసులో లేనే లేదు.

22 ఏప్రిల్

రాయడానికేమీ లేదు.

9 మే, ఆదివారం

పల్చటి గుడ్డతో ముక్కుకు కట్టుకునేవి ముప్పై కుట్టించి పంచాను. నా చేతనైనంత చేస్తున్నాను. రెండో రోజుకే అందరూ మెడకు వేలాడేశారు. ఎండకు ఉక్కగా ఉంటుందట. మొగిలమ్మ తనది తమలపాకులు మూట కట్టుకోవడానికి వాడుతోంది. ఇక ఎవరేం చేస్తారు.

డాక్టరమ్మ చెప్పింది మిగిలిన వాళ్లకు చెప్పొచ్చు. చెబితే గోదాంలో ఎవరుంటారు?

18 మే, మంగళవారం

విమలను అడిగాను, నువ్వు నేర్పగలవా అని. "పెద్దమ్మ ఉండంగ నేనెట్ల నేర్పుత సారూ, మీరు గూడ," అంది. ఇంకో నెల.

30 మే, ఆదివారం

హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి చూశాడు. గోదాం లోపలికి రాలేదు, కిటికీలోంచి చూశాడు. తెల్లచొక్కా కదా. వదినెను బయటికి పిలిచి శాలువా కప్పారు. ఆ నాలుగు అడుగులు వేసి ఆమె గుంజ పట్టుకుని నిలబడిపోయింది. సిగ్గుపడుతోంది అన్నాను నేను వాళ్లతో.

సిగ్గు అన్నాను. ఏమి నోరో నాది.

16 జూన్, బుధవారం

పదకొండు గంటలప్పుడు విమల పరుగెత్తుకొచ్చింది. "సారూ, పెద్దమ్మ పడిపోయింది." తుక్కు కుప్ప మీదే ఒరిగింది. పెదవులు నీలం. చేతిలో పీచు ఉంది. ఎత్తుకుని బయటికి తెచ్చింది నేనే. చిన్నప్పుడు నన్నెత్తుకున్న మనిషి, ఇప్పుడు ఏమీ బరువు లేదు.

దవాఖానలో డాక్టరమ్మ వదినెను లోపలికి తీసుకుపోయింది. కాగితం ఏం చేశారని నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది.

17 జూన్, గురువారం

బదిలీ కాగితం టైపు చేశాను. తేదీ ఏప్రిల్ 21 అని వేశాను. ఫైల్లో పెట్టాను. మళ్లీ వెళ్లి తీశాను. చింపాను. ఎంత నీచానికి దిగానో నాకే అసహ్యం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా కాదు ఇది, కాలలేదని చెప్పుకోవడం.

27 జూన్, ఆదివారం

దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాం గానీ వదినె పడుకోలేకపోతోంది. పడుకుంటే ఊపిరి ఆడదు. అరుగు మీద మంచంలో మూడు దిండ్లు ఒళ్లో పెట్టుకుని, వాటి మీద తల వాల్చి కూర్చుంటుంది. ఇంట్లో దుమ్ము రేణువు లేకుండా రాహేలు రోజుకు నాలుగుసార్లు తడిగుడ్డ పెడుతోంది. మిల్లుకు పోకుండా పదకొండు రోజులైంది. తగ్గితే ఈపాటికి తగ్గాలి.

గోదాంలో పని నడుస్తోంది. విమల నేర్పుతోంది.

4 జూలై, ఆదివారం

చెప్పేశాను. రాహేలు గుడికి పోయింది. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"వదినె, డాక్టరమ్మ ఏప్రిల్లనే చెప్పింది, నిన్ను ఆ గోదాంల ఉంచొద్దని. కాగితం గూడ ఇచ్చింది. నేను సొరుగుల పెట్టిన."

ఆమె దిండును దగ్గరికి లాక్కుంది. ఊపిరి అందాక అడిగింది.

"బలం మందులంటివి గద."

"అబద్ధం చెప్పిన."

"ఎందుకు?"

చెప్పాను. తాళం, ఇరవై ఆరు మంది, జూలై, అన్నీ. చెబుతుంటే ఏప్రిల్లో ఎంతో బరువుగా అనిపించిన మాటలు ఇప్పుడు తుక్కులా తేలిపోయాయి.

"గట్లయితె నన్ను అడుగకపోతివి? అడిగితె ఉందునేమో. లేకుంటె పోదును. నా పానం గద ప్రకాశం, నన్ను అడుగొద్దా?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, ఏడ్వడానికి ఊపిరి కావాలి.

"కొడుదామంటె చెయ్యి లేస్తలేదు," అంది. తర్వాత, "మరి ఆ పోరీలకు చెప్పినవా?"

"లేదు."

"ఇయ్యాల ఆదివారం. ఇయ్యాల గూడ పోయిన్రా?"

"పోయిన్రు. నెలాఖరుకు హెడ్డాఫీసోల్లు వస్తరు వదినె. అది అయినంక అందరికి—"

"నన్ను గూడ గట్లనే అనుకున్నవు. అది అయినంక అని." మొహం అటు తిప్పుకుంది. "నాకు చెప్తె ఏమొస్తది? పో. ఆల్లకు చెప్పు."

5 జూలై, సోమవారం

రేపు చెబుతాను.

8 జూలై, గురువారం

గోదాందాకా పోయాను. మిషన్ చప్పుడులో ఎవరికీ ఏమీ వినపడదు. విమల "పెద్దమ్మ ఎట్లున్నది సారూ" అని అరిచి అడిగింది. బాగుందని నేనూ అరిచాను. వచ్చేశాను.

13 జూలై, మంగళవారం

వదినె ఇవాళ కూడా అడిగింది. మాటతో కాదు. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే తల ఎత్తి చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె మళ్లీ దిండ్ల మీద వాలిపోయింది.

23 జూలై, శుక్రవారం

ఎప్పటిలాగే ఆదివారం జాబితా మీద సంతకం చేశాను. నెలాఖరు ఇంకా ఎనిమిది రోజులే.

24 జూలై, శనివారం

పొద్దున ఆరింటికి వదినె పోయింది.

25 జూలై, ఆదివారం

ప్రార్థన అయ్యాక సమాధుల తోటకి తీసుకుపోయాం. చుట్టాలు వచ్చారు, సంఘం వచ్చింది, కొత్తవాడ నుంచి లక్ష్మీనారాయణ కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. గోదాం నుంచి ఒక్కరూ రాలేదు. ఇరవై ఐదు మందికి చెయ్యి పట్టి నేర్పిన మనిషి. నాకు కోపం వచ్చింది. ఎంత కృతఘ్నులు అనుకున్నాను. "ఇంకెవరన్న రావాల్నా?" అని పాస్టరు గారు అడిగితే జర ఆగండి, మిల్లువాళ్లు వస్తారన్నాను. అందరూ ఎండలో నిలబడ్డారు. పావుగంట ఆగాం.

అప్పుడు గుర్తొచ్చింది. ఇవాళ ఆదివారం. జాబితా. నా సంతకం.

మట్టి వేసి, చేతులు కూడా కడుక్కోకుండా మిల్లుకు పోయాను. మిషన్ ఆపించాను. ఎనిమిదేళ్ల సర్వీసులో నేను మిషన్ ఆపించడం ఇదే మొదలు. అందరూ తెల్లగా లేచి నిలబడ్డారు.

"మట్టి అయిపాయెనా సారూ?" అంది మొగిలమ్మ. "పొద్దున గేటు కాడ పదిమార్లు అడిగినం, జర ఇడిసిపెట్టున్రి, పెద్దమ్మను ఆఖరుసారి సూస్తమని. సారు పేర్లేసిండు, సారును అడగాలె అన్నరు. మిమ్ముల యాడ అడుగుదుము?"

నేను చెప్పాను. అంతా. ఇది సెలవు తెచ్చే రోగం కాదని, దుమ్ము తెచ్చేదని. సెలవు మరుసటి రోజు వచ్చేది హెచ్చరిక అని. దాన్ని నేనే నొక్కేశానని. దీనమ్మను దుమ్ములోంచి మార్చమని డాక్టరమ్మ రాసిన కాగితం ఏప్రిల్ నుంచి నా సొరుగులో ఉందని. తెలిసి కూడా పద్నాలుగు ఆదివారాలు వాళ్లని పిలిచానని. ఇంటికి పొమ్మన్నాను, ఇక ఆదివారాలు లేవన్నాను.

తిడతారేమో అని నిలబడ్డాను. మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విమల మాత్రం అడిగింది, "అయితె ఇగ గోదాం మూస్తరా సారూ?"

26 జూలై, సోమవారం

భాస్కర్ గారితో గంటసేపు. మొదట మండిపడ్డారు. తర్వాత కాగితం చదివి కుర్చీలో వెనక్కి వాలారు. నాకు తెలీదండీ అన్నారు. నిజమే, ఆయనకు తెలీదు. తెలిసింది నా ఒక్కడికే.

నేను అడిగింది ఇవి. గాలి లాగేసే ఫ్యాన్లు. తుక్కును తడిపి దులపడం. ఎవర్నీ రెండు నెలల కంటే ఆ దుమ్ములో ఉంచకుండా, మిల్లంతా తిప్పుతూ పని నేర్పడం. జబ్బు పడినవాళ్లకు అదే జీతం మీద దుమ్ములేని పని. పీచు ఒక్కటి వృథా కావొద్దని ఇంత చేశాం కదా, మనుషుల్ని కూడా ఆ లెక్కన చూద్దామన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

"ఎంతమందికి ఉంది, ఎవరెవరికి ఉంది? పేర్లతో కాగితం లేకుండా హెడ్డాఫీసు నమ్మదు," అన్నారు.

ఆదివారం పూర్తిగా సెలవు ఇచ్చి, సోమవారం చూస్తే తెలుస్తుందన్నాను.

31 జూలై, శనివారం

హెడ్డాఫీసోళ్లు రాలేదు. వచ్చే నెల వస్తారట.

1 ఆగస్టు, ఆదివారం

గోదాంకి ఇవాళ్టికి తాళం. నేనే వేసి వచ్చాను.

2 ఆగస్టు, సోమవారం

పొద్దున అందరూ చక్కగా వచ్చారు. నవ్వుకుంటూ, తలకు నూనె పెట్టుకుని. ఆదివారం ఇంట్లో ఉండి ఎన్ని నెలలైందో. మధ్యాహ్నం దాకా నేను అక్కడే ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను.

పన్నెండింటికి మొదలైంది. ముందు మొగిలమ్మ. తర్వాత ఆమె పక్కనున్న ఇద్దరు. ఒకటిన్నరకల్లా గోడ పొడుగునా ఆనుకుని కూర్చున్నారు, ఛాతీల మీద చేతులు పెట్టుకుని. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి అడిగి పేరు రాసుకున్నాను. ఆపేసరికి పద్నాలుగు మంది.

విమల మాత్రం కుప్ప దగ్గరే కూర్చుని ఏరుతోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దగ్గరకి పోతే మొహం తిప్పుకుంది.

"నాకేం లేదు సారూ."

"ఊపిరి ఆడుతలేదు గదా విమలా."

"జర ఉర్కొచ్చిన, అందుకే. నా పేరు రాయకున్రి. రాస్తె తీసేస్తరు. మా నాయిన మంచంల ఉన్నడు." నా చెయ్యి పట్టుకుంది. వేళ్ల సందుల్లో పీచు. "పెద్దమ్మ పేరు రాయకపోతిరి గద సారూ. నాదెందుకు రాస్తాన్రు?"

తీసెయ్యనివ్వనని చెప్పాను. నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది. ఏడుస్తూనే ఉంది, ఏడుపుకు ఊపిరి అందక మధ్యమధ్య ఆగుతోంది.

ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుని, పదిహేనో పేరు రాశాను.